దుకాణం బోర్డు మీద ఎల్.ఇ.డి. లైటు: లాభమెంత, జాగ్రత్తలేమిటి?

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సాధారణంగా ఈ సమయంలో మనం వీసాల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. ఇవాళ కాస్త మార్పు. లైట్ల గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో లైట్లు కాదు, దుకాణంలో లైట్లు, దుకాణం బయట బోర్డు మీద లైట్లు. మనవాళ్ళు ఈ దేశంలో కిరాణా కొట్లు, హోటళ్ళు, చీరల షాపులు, ట్యూషన్ సెంటర్లు చాలానే పెడుతున్నారు. వాళ్ళకి పనికొస్తుందని నా ఆశ.

న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి ఓక్ ట్రీ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. ఎడిసన్, ఐజలిన్ ఊళ్ళ మీదుగా పోయే ఆ రోడ్డుకి రెండు వైపులా మన దేశపు దుకాణాలే. సాయంత్రమైతే బోర్డులన్నీ ఎల్.ఇ.డి. వెలుగుతో మెరిసిపోతుంటాయి. ఇందులో ఒక తమాషా ఉంది. ఎడిసన్ అన్న ఊరి పేరు థామస్ ఎడిసన్ గారిదే. 1954 దాకా దాన్ని రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. ఆ ఊళ్ళోని మెన్లో పార్కులోనే ఆయన 1879 డిసెంబరు 31న తన కరెంటు బల్బుని జనానికి చూపించాడు. అక్కడ 1938లో ప్రారంభించిన స్మారక స్తంభం కొసన పెద్ద గాజు బల్బు ఇప్పటికీ ఉంది. ఆయన బల్బు పుట్టిన ఊళ్ళోనే మనవాళ్ళు ఆ బల్బుని పక్కనపెట్టి ఎల్.ఇ.డి.కి మారిపోయారన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఎమ్మెస్ చదివింది ఎలక్ట్రికల్లో, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్‌లో. అంచేత మా బంధువుల్లో ఎవరింట్లో ఏ వైరు ఊడినా ఫోను నాకే వస్తుంది. మా బావగారు, అక్కయ్య కలిసి ఒక కిరాణా కొట్టు పెట్టారు. ఊరి పేరు చెప్పను. ఓ పక్కన చిన్న చీరల కౌంటరు కూడా ఉంది. ఇద్దరూ పదిహేనేళ్ళు ఉద్యోగాలు చేసి దాచుకున్న డబ్బంతా అందులోనే పెట్టారు. బోర్డు మీద ఇంగ్లీషు పేరు కింద తెలుగులో "స్వాగతం" అని ఉండాలని మా అక్కయ్య పట్టు. ఒక్కొక్క అక్షరం విడి డబ్బాలాగా చేసి, లోపల ఎల్.ఇ.డి.లు పెట్టి, ముందు ప్లాస్టిక్ రేకు బిగించే రకం బోర్డు అది. ఇక్కడ వాటిని చానల్ లెటర్స్ అంటారు. బోర్డు చేసినతను "యాభై వేల గంటలు, మీకిక చింత లేదు" అన్నాడు.

రెండో చలికాలంలో స-కారం కింద ఉన్న వ-వత్తు ఆరిపోయింది. స్వాగతం కాస్తా "సాగతం" అయింది. కూరగాయలకి వచ్చిన ఒక పెద్దాయన "ఏం బాబూ, వ్యాపారం సాగటం లేదా?" అని అడిగేసరికి మా బావగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రే నాకు ఫోను. "ఏమోయ్, యాభై వేల గంటలన్నారు, రెండేళ్ళు కూడా కాలేదు. మనల్ని మోసం చేశారంటావా?"

మోసం కాదు. చెప్పింది అబద్ధమూ కాదు. సగమే చెప్పారు. ఆ మిగతా సగం ఏమిటన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు ఎల్.ఇ.డి. అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పాత బల్బులో సన్నని తీగ వేడెక్కి, ఎర్రగా కాలి వెలుగునిస్తుంది. అందులో పోసిన కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఎల్.ఇ.డి.లో తీగ లేదు. అది ఒక చిన్న సెమీకండక్టర్ ముక్క. దానిలోంచి కరెంటు పోతుంటే నేరుగా వెలుగు పుడుతుంది. కంటికి కనిపించే ఎర్ర వెలుగుతో పనిచేసే ఎల్.ఇ.డి.ని నిక్ హోలొన్యాక్ గారు 1962లో న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూస్‌లో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో చేశారు. ఎడిసన్ గారి కంపెనీల నుంచి పుట్టినదే ఆ జనరల్ ఎలక్ట్రిక్! ఎరుపు, ఆకుపచ్చ వచ్చినా, బాగా వెలిగే నీలం రంగు మాత్రం 1990లలో గానీ రాలేదు. నీలం వచ్చాకే దాని మీద పసుప్పచ్చ ఫాస్ఫర్ పూత పూసి తెలుపు సాధించారు. ఆ నీలం సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్ల ఎల్.ఇ.డి. అంటే పసుపు పూసుకున్న నీలం దీపమని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆ మాట మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు లాభం సంగతి. మా బావగారి కొట్టు లెక్కే చెబుతాను. లోపల సీలింగులో 60 ఫిక్స్చర్లు. ఒక్కో దాంట్లో నాలుగేసి ట్యూబులైట్లు. ఒక్కోటి దాదాపు 112 వాట్లు తీసుకునేది. వాటి బదులు 40 వాట్ల ఎల్.ఇ.డి. ప్యానెళ్ళు పెట్టాం. అంటే ఒక్కో దాని మీద 72 వాట్లు ఆదా. మొత్తం 4,320 వాట్లు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 4,380 గంటలు. గుణిస్తే సుమారు 18,900 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే ఏడాదికి 2,800 డాలర్ల పైచిలుకు. ఇది మంచి లాభమే. వేసవిలో ఏసీ మీద భారం తగ్గడం అదనం. పైగా చాలాచోట్ల కరెంటు కంపెనీలే వ్యాపారాలకి రిబేట్లు ఇస్తాయి. కాకపోతే కొన్ని రిబేట్లకి కొనకముందే దరఖాస్తు చేసుకోవాలి. కొన్నాక అడిగితే రావు.

ఇప్పుడు బయట బోర్డు లెక్క చూడండి. అంత బోర్డుకి నియాన్ వాడితే 300 వాట్లు అవుతుందనుకుందాం, ఎల్.ఇ.డి. అయితే 80 వాట్లు. ఆదా 220 వాట్లు. రోజుకి 6 గంటలు వెలిగితే ఏడాదికి 480 యూనిట్లు. అంటే 72 డాలర్లు! నలుగురికీ కనిపించేది బోర్డు, కానీ డబ్బు మిగిలేది లోపల సీలింగులో. చాలామంది మనవాళ్ళు బోర్డుకి మాత్రం ఎల్.ఇ.డి. పెట్టించి, లోపల పాత ట్యూబులైట్లు అలాగే ఉంచేస్తారు. ఇది తలకిందులు వ్యవహారం.

మరి బోర్డుకి ఎల్.ఇ.డి. దండగా అంటే, కాదు. అక్కడ దాని లాభాలు వేరు. నియాన్ గొట్టాలకి వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, గాజు పగులుతుంది, కొన్ని రంగులకి లోపల పాదరసం ఉంటుంది, గాజుని వంచే పనివాళ్ళు తగ్గిపోయారు. ఎల్.ఇ.డి. బోర్డు సాధారణంగా 12 వోల్టుల మీద పనిచేస్తుంది, రంగులు మార్చుకోవచ్చు, వెలుగు తగ్గించుకోవచ్చు. ప్రతి కొత్త సంవత్సరానికి మనం టీవీలో చూసే టైమ్స్ స్క్వేర్ బంతి కూడా 2007 డిసెంబరు 31 రాత్రి నుంచి ఎల్.ఇ.డి.లతోనే దిగుతోంది. ఇంకొక లాభం కిరాణా కొట్లకి ప్రత్యేకం: ఫ్రీజర్లు. ట్యూబులైటు చలిలో మసకబారుతుంది. ఎల్.ఇ.డి.కి చలంటే హాయి. పరోటాలు, మునక్కాడ ముక్కలు పెట్టే ఫ్రీజరు తలుపుల్లో లైట్లు ముందుగా మార్చండి. అక్కడ వేడి తగ్గితే ఫ్రీజరు పని కూడా తగ్గుతుంది.

ఇంటి దగ్గర ఉదాహరణ కూడా ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. ఆధ్వర్యంలో నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. అందులో నాకు నచ్చింది పద్ధతి. పెట్టుబడి ఆ సంస్థే పెడుతుంది, ఆదా అయిన కరెంటు డబ్బుల్లోంచి తిరిగి తీసుకుంటుంది. అలాంటి పద్ధతిలో లైటు వెలక్కపోతే పెట్టినవాడికే నష్టం, కనుక వాడు నాసిరకం పెట్టడు. ఈ మాట మనసులో ఉంచుకోండి.

సరే, లాభాలు చెప్పుకున్నాం. ఇక వత్తు ఎందుకు ఆరిపోయిందో చూద్దాం.

యాభై వేల గంటలంటే ఆ గంటలు నిండాక లైటు ఆరిపోతుందని కాదు. మొదటి రోజు వెలుగులో 70 శాతానికి పడిపోతుందని అర్థం. అదీ ఆ చిన్న చిప్పు లెక్క మాత్రమే. కానీ బోర్డులో చిప్పు ఒక్కటే ఉండదు కదండీ. 120 వోల్టులని 12 వోల్టులు చేసే పవర్ సప్లై ఉంటుంది, వైర్లుంటాయి, అతుకులుంటాయి, డబ్బా ఉంటుంది. వీటిలో ఏది పోయినా లైటు పోయినట్టే. నా ఉద్యోగంలో కూడా ఇదే చూస్తాను. సర్వరు బాగానే ఉంటుంది, మధ్యలో ఓ ఇరవై డాలర్ల కేబులు పోయి మొత్తం ఆగిపోతుంది.

మొదటి శత్రువు వేడి. ఎల్.ఇ.డి. వెలుగులో వేడి ఉండదు కానీ, చిప్పు వెనకాల వేడి పుడుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే చిప్పుకీ చేటే, పవర్ సప్లైకి మరీ చేటు. పవర్ సప్లైలో ఉండే కెపాసిటర్ల విషయంలో ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకి ఆయుష్షు సగమవుతుంది. మా బావగారి బోర్డు పడమటి గోడ మీద ఉంది. 60 వాట్ల పవర్ సప్లై మీద దాదాపు 60 వాట్లూ మోపి, గాలి ఆడని పెట్టెలో పెట్టారు. 80 శాతానికి మించి మోపకూడదన్నది మంచి పనివాళ్ళ పద్ధతి.

రెండోది దూరం. 12 వోల్టుల దగ్గర వైరులో ఒక్క వోల్టు పోతే 8 శాతం పోయినట్టు. అదే 120 వోల్టుల దగ్గర ఒక్క శాతం కూడా కాదు. సన్నటి వైరుతో పొడుగ్గా లాగితే చివరి అక్షరాలు మసకగా ఉంటాయి. మన బోర్డుల్లో మొదటి అక్షరం దేదీప్యమానంగా, చివరి అక్షరం ఆముదం దీపంలా ఉండటానికి ఇదో కారణం.

మూడోది నీళ్ళు. మా వత్తుని చంపింది ఇదే. ఆ అక్షరం డబ్బాల అడుగున వాన నీరు కారిపోవడానికి చిన్న బెజ్జాలు పెడతారు. బోర్డు చేసినతనికి తెలుగు రాదు. విడిగా ఉన్న ఆ వత్తు ముక్కలో ఏది పైనో ఏది కిందో తెలియక బెజ్జాలు ఒక వైపు పెట్టేశాడు. గోడ మీద సరిగ్గా బిగించేసరికి బెజ్జాలు పైకి వచ్చాయి. రెండేళ్ళ వానా, మంచూ అందులో పడ్డాయి. అంచేత తెలుగు అక్షరాలతో బోర్డు చేయించేవాళ్ళు నమూనా కాగితం మీద ప్రతి ముక్కకీ, ప్రతి వత్తుకీ "ఇది పైన" అని బాణం గుర్తు గీసి ఇవ్వండి. ఇంకో సంగతి. మన అక్షరాలకి వంకరలెక్కువ. గీత సన్నగా ఉంటే లోపల ఎల్.ఇ.డి.లు చాలక, వెలుగు ఒకేలా పరచుకోకుండా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అక్షరం లావుగా, లోతుగా చేయించుకోవాలి. ఈ వంకరల విషయంలో మాత్రం పాత నియాన్ గొట్టమే మేలని ఒప్పుకోవాలి.

రిపేరు లెక్క కూడా వినండి. పాడైన సామాను విలువ నలభై డాలర్లు. దానికి వారంటీ ఉంది, ఉచితంగా ఇచ్చారు. కానీ నిచ్చెన లారీ, ఇద్దరు మనుషులు, అరపూట పని కలిసి ఆరు వందల డాలర్లు. దానికి వారంటీ లేదు. ఏడాదికి 72 డాలర్లు మిగులుతాయని చెప్పానే, ఎనిమిదేళ్ళ ఆదా ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

ఇక రంగుల సంగతి. ఇది మా అక్కయ్య కనిపెట్టింది. లైట్లు మార్చాక చీరల కౌంటరు దగ్గర కనకాంబరం రంగు పట్టుచీర ఇటుక రంగులో కనిపిస్తోందని, వాకిట్లోకి తీసుకెళ్ళి చూస్తే నిగనిగలాడుతోందని చెప్పింది. నేను ముందు నమ్మలేదు. ప్యానెల్ పెట్టె మీద చూస్తే సి.ఆర్.ఐ. 80 అని ఉంది. ఎండలో కనిపించే రంగులకి లైటు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే అంకె అది, పూర్తి మార్కులు 100. నీలం మీద పసుపు పూసిన తెలుపు అని చెప్పాను కదా, చవక రకాల్లో ఎరుపు తక్కువ. చీరలకీ, నగలకీ, టమాటాలకీ, ఎండుమిరపకాయలకీ 90 పైన ఉన్నది కొనాలి. ఆర్-9 అని విడిగా ఇంకో అంకె ఉంటుంది, అది ముదురు ఎరుపు సంగతి చెబుతుంది, అదీ అడగండి. బంగారానికి 3000 కెల్విన్ వెచ్చని వెలుగు బాగుంటుంది. వెండికీ, రవ్వలకీ 4000 దగ్గర. ఆఫీసు సీలింగు లైటునే చీరల మీద వేస్తే బేరం పోతుంది.

ఆ పసుపు పూతే ఊడిపోతే? ఇది ఊహ కాదు. కొన్నేళ్ళ క్రితం మిల్వాకీతో సహా ఈ దేశంలో చాలా ఊళ్ళలో తెల్ల వీధి దీపాలు ఉన్నట్టుండి ఊదా రంగులోకి మారాయి. పూత లేచిపోయి లోపలి నీలం బయటపడింది. జనం ఏదో పండగ అలంకారం అనుకున్నారు కూడాను.

వేడి లేకపోవడం కూడా ఒక్కోసారి లోపమే. పాత ట్రాఫిక్ సిగ్నల్ బల్బుల వేడికి మంచు కరిగిపోయేది. ఎల్.ఇ.డి. సిగ్నళ్ళు వచ్చాక గాలితో కూడిన మంచు పడినప్పుడు లైటు మీద పేరుకుపోయి, ఎర్రదీపం కనపడకుండా పోవడం మొదలైంది. 2009 చలికాలంలో మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లో ఈ కారణంగా ప్రమాదాలు జరిగాయి. మీ బోర్డు విషయంలో ప్రాణాపాయం లేదు గానీ, మంచు దేశంలో ఉన్నవాళ్ళు తుడవడానికి ఏర్పాటు ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది, వెలుగు ఎంత ఉండాలన్నది. మా బావగారి సిద్ధాంతం "వెలుగెంతుంటే బేరమంత." నీలం ఛాయ ఉన్న 6500 కెల్విన్ తెలుపు పెట్టించి, రాత్రంతా వెలిగించారు. కిటికీల చుట్టూ ఎల్.ఇ.డి. తోరణం కూడా కట్టారు. వెనక వీధిలో ఉండే ఒకావిడకి నిద్ర పట్టక ఫిర్యాదు చేసింది. నోటీసు వచ్చింది. చాలా ఊళ్ళలో కిటికీల చుట్టూ లైట్ల తోరణాలు, మినుకు మినుకుమనే బోర్డులు నిషేధమన్న సంగతి అప్పుడు తెలిసింది. మా బావగారు "మనల్నే పట్టుకున్నారు" అని బాధపడ్డారు. నేను ఆ రాత్రి ఆవిడ వీధిలోకి వెళ్ళి నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే ఆవిడ తప్పేమీ లేదు. మా బోర్డు వెలుగు ఆవిడ పడకగది కిటికీ మీద పడుతోంది. పైగా రోడ్డు మీంచి చూస్తే కళ్ళు జిగేల్మని పేరే చదవడం కష్టంగా ఉంది!

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధి దీపాలకి 3000 కెల్విన్ మించకుండా ఉంటే మంచిదని, నీలం ఎక్కువైతే నిద్రకీ, చూపుకీ ఇబ్బందని చెప్పింది. కదిలే అక్షరాల డిజిటల్ బోర్డులు పెట్టేవాళ్ళు నిట్స్ అనే కొలత తెలుసుకోవాలి. ఎండలో కనబడాలంటే వేల నిట్స్ కావాలి, రాత్రికి ఏ 300 దగ్గరో చాలు. పగటి వెలుగుని రాత్రి కూడా ఉంచేస్తే అది బోర్డు కాదు, ఎదురొచ్చే కారు హెడ్‌లైటు. చీకటిని కనిపెట్టి తనంతట తానే తగ్గించుకునే ఏర్పాటు, దానికి తోడు ఒక టైమరు తప్పనిసరి.

లోపల ట్యూబులు మార్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎల్.ఇ.డి. ట్యూబుల్లో రకాలున్నాయి. ఒక రకం పాత బాలాస్టుతో పనిచేస్తుంది. ఇంకో రకానికి బాలాస్టు తీసేసి నేరుగా 120 వోల్టులు కలపాలి. దానికి వైరింగు మార్చాక, ఆ ఫిక్స్చరు మీద చీటీ అంటించాలి. లేకపోతే రేపు తెలియనివాడెవడో పాత ట్యూబు పెట్టబోతే ప్రమాదం. డబ్బు మిగుల్తుందని మనమే నిచ్చెనెక్కి చేసుకోకుండా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కాలిఫోర్నియాలో 2025 నుంచి, వెర్మాంట్‌లో 2024 నుంచి మామూలు పొడుగు ఫ్లోరసెంట్ ట్యూబుల అమ్మకం ఆపేశారు కాబట్టి అక్కడివాళ్ళకి ఈ అవసరం ఎలాగూ వస్తుంది.

మరి కొనేముందు ఏమడగాలి? నేను మా బావగారికి రాసిచ్చిన ప్రశ్నలివి. పవర్ సప్లై ఎవరిది, ఎంత శాతం భారం మోపుతున్నారు, గోడ మీద కాకుండా చేతికందే చోట పెట్టగలరా? వారంటీ సామానుకేనా, లారీకీ కూలికీ కూడానా? బోర్డు మొత్తానికి యు.ఎల్. ముద్ర ఉందా, లోపలి ముక్కలకేనా? వెలుగు తగ్గించే ఏర్పాటు ఉందా? మన స్థలం యజమాని నిబంధనలు, ఊరి అనుమతి ఎవరు చూస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఇంటర్నెట్టులో చవగ్గా దొరికే ముద్రలేని బోర్డు కొంటే, రేపు నిప్పంటుకుంటే ఇన్సూరెన్సువాళ్ళు ముందు అడిగేది ఆ ముద్రే.

విశాఖ ఉదాహరణ గుర్తుపెట్టుకోమన్నాను కదా. వెలక్కపోతే నష్టం ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. నష్టం అమ్మినవాడిదైతే మంచి సామాను వస్తుంది. నష్టం మనదైతే యాభై వేల గంటలన్న మాట మాత్రమే వస్తుంది. మనం కొంటున్నది లైటుని కాదు, ఆ లైటు వెనక ఉన్న పనితనాన్ని.

మా బావగారు రెండోసారి పవర్ సప్లైలు రెండు చేయించి, కొట్టు లోపల గోడకి పెట్టించారు. వెలుగు సగానికి తగ్గించారు, ఛాయ వెచ్చగా మార్చారు, కొట్టు మూసిన అరగంటకి ఆరిపోయేలా టైమరు పెట్టారు. వెనక వీధి ఆవిడ ఈ మధ్య వచ్చి మామిడి పళ్ళ పెట్టె కొనుక్కెళ్ళిందట. వత్తు కూడా తిరిగి వెలిగింది. ఆ పెద్దాయన చూసి "ఇప్పుడు సాగుతోందన్నమాట" అన్నారట.

మీ దుకాణాలు కూడా చల్లగా, కళ్ళకి హాయిగా వెలగాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటాను.